సుబ్బారావు గారి ఫాస్ఫరస్ పరీక్షను డిగ్రీ ల్యాబుల్లో చేయించండి

సంపాదకులకు నమస్కారం.

జనవరి 12న బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జయంతి వచ్చిందంటే ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ గురించి, రాని నోబెల్ గురించి వ్యాసాలు వస్తాయి. ఆరియోమైసిన్‌ను కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. లెడర్లీ అనే అమెరికన్ మందుల కంపెనీలో ఆ పరిశోధనలకు డైరెక్టర్ సుబ్బారావు గారు. అంతకు చాలా ముందు, 1925లో, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన, రక్తం వంటివాటిలో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పరీక్ష ఊసే ఎక్కడా ఉండదు. ఆయన రసాయన ప్రతిభ తెలియాలంటే దాన్ని చేసి చూడాలి.

1 మి.లీ. సీరంకు (రక్తం గడ్డకట్టాక పైన తేరిన ద్రవానికి) 9 మి.లీ. 10 శాతం ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం (టీసీఏ) కలిపి వడపోస్తే ప్రోటీన్లు పోతాయి. 5 మి.లీ. ఫిల్ట్రేట్‌లో (వడపోసిన ద్రవంలో) 1 మి.లీ. అమ్మోనియం మాలిబ్డేట్, 0.4 మి.లీ. అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వేసి, నీటితో 10 మి.లీ. చేసి, పది నిమిషాలకు 660 నానోమీటర్ల దగ్గర నీలం రంగును కొలవాలి. లీటరు నీటిలో 0.439 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ కరిగించి పదింతలు పలచన చేస్తే మి.లీ.కు 10 మైక్రోగ్రాముల ఫాస్ఫరస్ ఉన్న స్టాండర్డ్ (పోల్చుకునేందుకు విలువ తెలిసిన ద్రావణం) సిద్ధం. ఇందులో 2 మి.లీ. తీసుకుంటే సీరంలో 100 మి.లీ.కు 4 మి.గ్రా. ఉన్నదానితో సమానం. బ్లాంక్‌లోనూ (ఫాస్ఫేట్ లేకుండా చేసే పోలిక గొట్టంలోనూ) స్టాండర్డ్‌లోనూ 5 మి.లీ. టీసీఏ తప్పనిసరి.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఆమ్లం దగ్గరే. మాలిబ్డేట్‌ను 2.5 శాతంగా, మామూలు నీటి ద్రావణాలకైతే 5 నార్మల్ (ఆమ్ల గాఢతకు కొలమానం) సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, టీసీఏ ఫిల్ట్రేట్‌కైతే 3 నార్మల్‌లో కలపాలి. మిగతా ఆమ్లం టీసీఏ నుంచే వస్తుంది. ఆమ్లం తగ్గితే ఫాస్ఫేట్ లేని బ్లాంక్ కూడా నీలమవుతుంది, మించితే రంగు ఆలస్యంగా వస్తుంది. ఫాస్ఫేట్ ఉన్న సబ్బుపొడితో కడిగిన గాజుసామాను రీడింగును పెంచేస్తుంది, కాబట్టి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, ఆపైన డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ఎర్రకణాలు పగిలిన సీరం పనికిరాదు. సిట్రేట్, ఆక్సలేట్ కలిపిన రక్తం వాడితే రంగు సరిగా రాదు. టీసీఏ చర్మాన్ని కాలుస్తుంది, పిపెట్‌ను నోటితో పీల్చనివ్వకండి.

ఈ పరీక్షలో రంగు త్వరగా వస్తుంది. అందుకే కండరాల ఫిల్ట్రేట్‌తో చేసినప్పుడు రంగు ఆలస్యంగా పెరగడం ఫిస్కే, సుబ్బారావుల కంట పడింది. ఆమ్ల మాలిబ్డేట్‌లో ఏదో విరిగిపోతూ ఫాస్ఫేట్‌ను వదులుతోందని పసిగట్టారు. అదే 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్, కండరాల్లో శక్తిని నిల్వ ఉంచే పదార్థం. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతిలో మళ్ళీ పెరుగుతుంది. కండరాల శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతానికి ఇది పెద్ద దెబ్బ. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కూడా వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా అదే పని చేశారు. రీడింగులోని చిన్న ఆలస్యాన్ని పొరపాటని కొట్టిపారేయని ఆ పట్టుదలను మన పిల్లలకు చూపించాలి.

కలరీమీటర్ లేదని ఏ కాలేజీ వెనకాడనక్కర్లేదు. 5 నుంచి 40 మైక్రోగ్రాముల వరకు స్టాండర్డ్‌లు వరుసగా పెట్టి, తెల్లకాగితం ముందు కంటితో పోల్చినా సుమారు విలువ తెలుస్తుంది. అప్పట్లో వాళ్ళు రంగులు పోల్చిందీ కంటితోనే.

— ఒక బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు, కాకినాడ