మధ్యలో ఆ ఒక్క వరస పచ్చగా ఉందిరా!

ఒరేయ్ బండోడా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, తిట్టుకునే ఉంటావు. క్షమించరా. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చెల్లి పెళ్లి మాఘంలో, వారం ముందే దిగాలి నువ్వు. ఇంటి సంగతులు అంతే. అసలు విషయం నీకు చెప్తేగానీ ఇవాళ అన్నం సయించదు.

నిన్న పొద్దున అగ్గితెగులు మడి దగ్గరికెళ్లాను, అదే, వరిని మాడ్చేసే శిలీంధ్రపు జబ్బు. ఏ వరి తట్టుకుంటుందో చూడ్డానికి అక్కడ తెగులు మేమే తెప్పిస్తాం. నారు ఒత్తుగా పోసి, చుట్టూ తెగులుకి లొంగే రకం వేసి, రోజూ నీళ్లు చిమ్ముతూ శిలీంధ్రం పిచికారీ చేస్తాం. ఆకుల మీద ముందు నూలుకండెల్లాంటి మచ్చలొస్తాయి, తర్వాత మొక్కే మాడిపోతుంది. నిన్న మడంతా నిప్పంటించినట్టుంది. పక్కనున్న అసలు సాంబ మసూరి కూడా మాడింది. మధ్యలో ఒక్క వరస... పచ్చగా! మోకాళ్ల మీద కూర్చుని ఆకు ఆకూ తిప్పి చూశాను. గుండుసూది మొనంత గోధుమరంగు చుక్కలు, అంతే. లేబుల్ మూడుసార్లు చదివాను. సాంబలోకి తెగులుని తట్టుకునే గుణం తెచ్చి మేం చేస్తున్న కొత్త వరి, మనదేరా!

సంక్రాంతికి మీ నాన్నగారు "ఆరేళ్లుగా ఆ ఒక్క వరి మీదేనా అబ్బాయ్?" అన్నారు, గుర్తుందా? అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇది ఆయనకి చదివి వినిపించు.

బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, 1986లో బాపట్ల నుంచి వచ్చింది. అన్నం అంత బాగుంటుంది కాబట్టే జనం ఇప్పటికీ వదల్లేదు. అగ్గితెగులుకి మాత్రం ఆగదు. తట్టుకునే రకంతో సంకరం చేస్తే మంచి జన్యువుతో పాటు దాని లావు గింజా వచ్చి కూర్చుంటుంది. ఆ బియ్యం మీ నాన్నగారు ముట్టరు! అందుకే వచ్చిన మొక్కని మళ్లీ మళ్లీ సాంబతోనే కలపాలి. ఒకసారికి సాంబ పాలు 75 శాతం, రెండోసారికి 87.5, నాలుగోసారికి దాదాపు 97. పంటకాలమేమో 150 రోజులు. ఏడాదికి రెండు తరాలు దాటవు. ఎంత డబ్బు పోసినా వరి దాని వేళకే పూస్తుంది.

కలపడమంటే, సాయంత్రం స్టూలేసుకుని, ఒక్కో పువ్వు కొస కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులూ పట్టుకారుతో లాగేయాలి. ఒక్కటి మిగిలినా ఆ గింజని నమ్మలేం. మర్నాడు పది, పదకొండింటికి అవతలి పూలు విచ్చుకోగానే పుప్పొడి దులపాలి. మూడో దఫా వారమంతా కష్టపడితే 19 గింజలు. జన్యువున్నవి 8. అవి కోతకొచ్చేసరికి తుపాను! చేను పడిపోయి కంకి మీదే మొలకలొచ్చేశాయి. ఆ రాత్రి ఫోన్ చేసి నేనేం మాట్లాడలేదు. నువ్వూ ఏం అడక్కుండా "కొబ్బరిచెట్టు" అన్నావు. మనిద్దరికే తెలిసిన ఆ ఒక్క మాటే నన్ను లేపిందిరా. దాచిపెట్టిన రెండో దఫా గింజలతో మళ్లీ మొదలుపెట్టాను. ఏడాది పోయింది.

హైదరాబాదులో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్లూ వరి పరిశోధన వాళ్లూ కలిసి, ఎండాకు తెగులుని తట్టుకునే మూడు జన్యువులు ఇలాగే సాంబలోకి తెచ్చి 2008లో విడుదల చేశారు. మాదీ ఆ దారే. ఇంకా చాలా ఉంది. దేశంలో చాలాచోట్ల మూడేళ్ల పరీక్షలున్నాయి. ఇక్కడి శిలీంధ్రానికి ఆగింది ఇంకోచోటి దానికి పడిపోవచ్చు. అవి చూడకుండా రైతు చేతికిచ్చేస్తే... వద్దులే, తలుచుకుంటేనే భయం.

అన్నట్టు ఆ రకం బియ్యం గుప్పెడు వండి చూశాం, ఆ వాసన... అయ్యో, తొమ్మిదిన్నర దాటింది, ఎండెక్కింది, పూలు విచ్చుకుంటాయి. పరుగెడుతున్నా, మిగతాది