టవర్ ఆగిపోతే లెక్క జిల్లాకేనా?

ఎడిటర్ గారికి,

మాది నల్లగొండ జిల్లా చందంపేట మండలంలో ఒక ఊరు. మా దగ్గర నెట్ రాదంటే పట్నం వాళ్లు నమ్మరు. టవర్ ఎదురుగానే ఉంది, ఫోన్‌లో గీతలు కూడా నిండుగానే కనిపిస్తాయి. కానీ ఆ గీతలు చెప్పేది ఫోన్‌కీ టవర్‌కీ మధ్య సంగతే. టవర్ దాకా ఫైబర్ కేబుల్ రాని చోట డిష్‌లు పెట్టి పక్క టవర్ నుంచి లింకు తీసుకుంటారు, ఆ లింకు ఇరుకైతే సాయంత్రం అందరూ ఫోన్లు పట్టుకునే వేళకు ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. ఇదంతా కరెంటు ఉన్నప్పటి మాట. గాలివానకు కరెంటు పోతే బ్యాటరీలు కాసేపు లాగుతాయి, ఆ తర్వాత ఎవరో వచ్చి జనరేటర్‌లో డీజిల్ పోయాలి, వాళ్లు వచ్చేదాకా మామూలు కాల్ కూడా కలవదు. రాత్రిపూట ఎవరికైనా ప్రాణం మీదికొస్తే 108కి ఎలా చేయాలి?

రేషన్ షాపులో వేలిముద్ర మిషన్‌కు నెట్ కావాలి. ఉపాధి పనిలో హాజరు 2023 నుంచి ఫోన్ యాప్‌లోనే. అన్నీ ఆన్‌లైన్ చేసి ఆ లైనే సరిగా లేకపోతే కూలి పోయేది, క్యూలో నిలబడేది మేమే.

కస్టమర్ కేర్‌కు చేస్తే (అదీ సిగ్నల్ దొరికే చోటికి పోయి చేయాలి) ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. తర్వాత మీ సమస్య పరిష్కారమైందని మెసేజ్. టవర్ మాత్రం అలాగే ఉంటుంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఫోన్ కంపెనీలను నియంత్రించే కేంద్ర సంస్థ ట్రాయ్ 2024లో కొత్త నాణ్యతా నిబంధనలు తెచ్చింది. సేవ 24 గంటలకు మించి ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్లకు బిల్లులో తగ్గించాలి, ప్రీపెయిడ్ వాళ్లకు వాలిడిటీ పెంచాలి. మంచిదే, కాదనను. కాకపోతే ఆ లెక్క కట్టేది జిల్లా స్థాయిలో! ముప్పైకి పైగా మండలాలున్న జిల్లా మాది. నల్లగొండలో, మిర్యాలగూడలో నెట్ బ్రహ్మాండంగా నడుస్తుంటే ఇక్కడ తండాల్లో మూడు రోజులు ఫోన్లు మూగబోయినా అది లెక్కలోకే రాదు. 28 రోజులకని రీచార్జ్ చేయించుకున్నవాడికి ఆ మూడు రోజులు పోయినట్టే. ఊళ్లో ఎక్కువమంది ప్రీపెయిడ్ వాళ్లమే, ముందే డబ్బు కట్టి తర్వాత సేవ కోసం బతిమాలుకునే వాళ్లం.

అదే నిబంధనల్లో కంపెనీలు కవరేజ్ మ్యాపులు వెబ్‌సైట్‌లో పెట్టాలని కూడా ఉంది. పెట్టారు. మా ఊరి మీద రంగు చక్కగా పరుచుకుని ఉంది, చూస్తే మాకే ముచ్చటేసింది.

ఏ టవర్ ఎప్పుడు ఆగిందో, మళ్లీ ఎప్పుడు లేచిందో కంపెనీ కంట్రోల్ రూంలో నమోదవుతూనే ఉంటుంది. కాబట్టి టవర్ వారీగా లెక్క కట్టడం కష్టమనే మాట చెల్లదు. ట్రాయ్ ఆ నిబంధనను జిల్లా నుంచి టవర్‌కు దించాలి, టవర్ ఆగిన గంటలు ఆ మ్యాపులోనే చూపించాలి. పంచాయతీలకు ఫైబర్ వేసే కేంద్ర పథకం భారత్‌నెట్‌కు అనుమతి వచ్చింది 2011లో, ఇక్కడైతే మిషన్ భగీరథ తాగునీటి పైపుల వెంటే రాష్ట్రం వాళ్ల టీ-ఫైబర్ కేబుల్ వేశారు. పంచాయతీ దాకా ఫైబర్ వచ్చిన చోట దాన్ని టవర్‌కు కలపమని, వానాకాలానికి ముందే బ్యాటరీలు మార్చమని కంపెనీలకు చెప్పాల్సింది కూడా అధికారులే.

- ఒక పాఠకుడు, చందంపేట మండలం, నల్లగొండ జిల్లా