పిల్లల కంపెనీలో నష్టం కూడా పిల్లలదే అవ్వాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో స్కూలు పిల్లల బిజినెస్ పోటీ గురించి ఫొటోతో సహా వేశారు, చూసి చాలా సంతోషం వేసిందండి, మార్కులు ర్యాంకులు తప్ప ఈ వయసు పిల్లల గురించి ఇంకో వార్త రావడమే తక్కువ కదా. కానీ మొత్తం చదివితే ఫస్ట్ ప్రైజ్ ఎవరికి, ముఖ్య అతిథి ఎవరు, అంతవరకే ఉంది. వాళ్ళు ఎన్ని వస్తువులు చేశారు, ఎన్ని మిగిలిపోయాయి, డబ్బు లెక్క ఎవరు రాశారు, మధ్యలో గొడవలొస్తే ఎలా తీర్చుకున్నారు, ఇవేవీ లేవు. నాకైతే అసలు సంగతంతా అక్కడే ఉందనిపిస్తుంది. నాలుగేళ్ళుగా ఇలాంటి ప్రోగ్రాంలో వాలంటీర్‌గా టీనేజ్ పిల్లలతో కూర్చుంటున్నా, అందుకే రాస్తున్నా.

ఇదేం కొత్తగా వచ్చింది కాదు. 1919లో అమెరికాలో జూనియర్ అచీవ్‌మెంట్ అని మొదలుపెట్టారు, పేపర్ మిల్లు యజమాని హొరేస్ మోసెస్, టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీని నడిపిన థియోడర్ వేల్, సెనేటర్ ముర్రే క్రేన్, ఈ ముగ్గురూ కలిసి. ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. పద్ధతి సింపుల్. పిల్లలంతా కలిసి ఒక చిన్న కంపెనీ పెడతారు, చిన్న చిన్న షేర్లు అమ్మి పెట్టుబడి తెచ్చుకుంటారు, ఎండీ, అకౌంట్స్, ప్రొడక్షన్, సేల్స్ అని పనులు పంచుకుంటారు, ఒక వస్తువు తయారుచేసి నిజంగా అమ్ముతారు, చివర్లో కంపెనీ మూసేసి లాభమైతే షేర్లు కొన్నవాళ్ళకి పంచుతారు, నష్టమైతే నష్టమని ముఖం మీదే చెప్తారు. ఈ ఆఖరి ముక్క చాలామంది పెద్దవాళ్ళకి నచ్చదు.

మా పిల్లలు ఒకసారి పాత జీన్స్ ప్యాంట్లతో పెన్సిల్ పౌచ్‌లు కుట్టారు. గుడ్డ ఫ్రీయే కదా, రేటు తక్కువ పెట్టేద్దాం అనుకున్నారు, జిప్పు ఖర్చు, దారం ఖర్చు ఎవరికీ గుర్తు రాలేదు, సగం అమ్మాక చూసుకుంటే ప్రతి పౌచ్ మీదా చేతి నుంచే పోతోంది. నాకు మొదటి రోజే తెలుసు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, ఆగాను. ఆ రోజు వాళ్ళు బోర్డు మీద జిప్పు, దారం, కుట్టడానికి పట్టే టైము, పాడైపోయిన పీసులు అన్నీ విడివిడిగా రాసుకుని రేటు మళ్ళీ కట్టారు చూడండి, అది నేను చెప్పి ఉంటే ఒక్కరికీ గుర్తుండేది కాదు.

అదే టీంలో అకౌంట్స్ చూసే అమ్మాయి ఒకతి, పేరు రాయను, మొదట్లో ఎవరు అడిగినా తల ఊపడం తప్ప మాట్లాడేది కాదు. ఒక రోజు అమ్మకాలయ్యాక డబ్బాలో డబ్బు తక్కువొచ్చింది. ఎండీగా ఉన్న అబ్బాయి మంచివాడే, పోనీలే నా పాకెట్ మనీ వేసేస్తా అన్నాడు. ఆ పిల్ల ఒప్పుకోలేదండి! వేస్తే లెక్క సరిపోతుంది గానీ డబ్బు ఎలా పోయిందో తెలీదు కదా అని, బిల్ బుక్ తెచ్చి కార్బన్ కాపీలు ఒక్కొక్కటీ మిగిలిన పౌచ్‌లతో సరిచూసింది, చివరికి తేలిందేంటంటే రెండు పౌచ్‌లు ఇద్దరు టీచర్లకి అరువిచ్చి బిల్లు రాయలేదు. మర్నాడు తనే వెళ్ళి మేడమ్ మీరు డబ్బులివ్వాలి అని అడిగి తెచ్చింది. నెల కిందట క్లాసులో నిలబడి జవాబు చెప్పడానికి భయపడిన పిల్ల! ఉద్యోగంలో చేరాక ఇంకేం కావాలండి మనిషికి, లెక్క దాచకపోవడం, పెద్దవాళ్ళని మర్యాదగా డబ్బు అడగగలగడం.

లీడర్‌షిప్ అంటే స్టేజి ఎక్కి మైకు పట్టుకోవడం అని మన పిల్లలకి ఎవరు నేర్పారో గానీ ప్రతి బ్యాచ్‌లో మొదట బాగా మాట్లాడేవాడినే ఎండీని చేసేస్తారు, మూడు వారాలకి పనులు ఆగిపోతాయి. ఒక అబ్బాయి వరసగా మీటింగ్‌కి లేటుగా వస్తుంటే వాణ్ణి తీసేద్దామని ఓటింగ్ దాకా వెళ్ళారు, అప్పుడు ఒకమ్మాయి ముందు ఎందుకు లేటవుతుందో అడుగుదాం అంది. అడిగితే స్కూలయ్యాక చిన్న చెల్లెల్ని చూసుకోవాలట, అమ్మ పని నుంచి వచ్చేదాకా. బటన్లు కుట్టే పని వాడికి ఇంటికి పంపించారు, టీంలో అందరికంటే ముందు పూర్తిచేసింది వాడే. ఆ తర్వాత ఎండీ ఎవరయ్యారో మీరే ఊహించుకోండి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇలాంటి ప్రోగ్రాం చేస్తే పిల్లలంతా బిజినెస్‌మెన్ అయిపోతారు అని ప్రచారం చేస్తున్నారు, అది తప్పు. నెదర్లాండ్స్‌లో కాలేజీ స్టూడెంట్ల మినీ కంపెనీల మీద 2010లో వచ్చిన రీసెర్చిలో స్కిల్స్ మీద పెద్ద ప్రభావం కనపడలేదు, సొంత బిజినెస్ పెట్టాలన్న ఆలోచన అయితే తగ్గింది కూడా. తమ గురించి తమకి కాస్త వాస్తవం తెలిసి ఉండొచ్చని ఆ రీసెర్చర్లు అన్నారు. అదే దేశంలో ఇంకా చిన్న పిల్లల మీద, పదకొండు పన్నెండేళ్ళ వాళ్ళ మీద చేసి 2014లో వేసిన ఇంకో స్టడీలో బిజినెస్ నాలెడ్జ్ పెరగలేదు గానీ తమ మీద నమ్మకం, పట్టుదల లాంటివి పెరిగాయని తేలింది. రెండూ చదివాక నాకు అర్థమైంది, మనం కొలవాల్సింది ఎంతమంది కంపెనీ పెట్టారు అని కాదు. బిజినెస్ నాకు సరిపడదు అని పదహారేళ్ళకి తెలుసుకున్న పిల్లవాడికి కూడా లాభమే కదా, అప్పు చేసి ముప్పై ఏళ్ళకి తెలుసుకోవడం కంటే.

తల్లిదండ్రులకి నా రిక్వెస్ట్ ఒకటే, మీ పిల్లల స్టాక్ అంతా మీరే కొనేయకండి, బంధువుల చేత కొనిపించకండి. దానివల్ల డబ్బా నిండుతుంది, వస్తువు ఎవరికీ అక్కర్లేదన్న విషయం మాత్రం పిల్లలకి ఎప్పటికీ తెలీదు. స్కూళ్ళేమో ఫస్ట్ ర్యాంకు పిల్లల్నే ఏరి పెట్టుకుంటున్నాయి, వెనక బెంచీ వాళ్ళకే ఇది ఎక్కువ కావాలి. పెట్టుబడి పోయినా ఏ ఇంటికీ బరువు కానంత చిన్నదిగా ఉండాలి, పరీక్షల నెలలో ఆపేయాలి, ప్రతి రెండు నెలలకి పదవులు మార్చాలి, లేకపోతే లెక్కలు రాసే పిల్ల ఏడాదంతా లెక్కలే రాస్తుంది.

వచ్చే నెల మా పిల్లలు కంపెనీ మూసే మీటింగ్ పెట్టుకుంటున్నారు, షేర్లు కొన్నవాళ్ళందరి ముందు లెక్కలు చదువుతారు, ఈసారి కొంచెం నష్టమే వచ్చేలా ఉంది. వీలైతే మీ రిపోర్టర్‌ని పంపండి సార్. మమ్మల్ని కాదు, పిల్లల్ని మాట్లాడించమనండి, అందులోనూ మొదటి ప్రశ్నగా స్టాక్ ఎంత మిగిలింది, ఎందుకు మిగిలింది అని అడగమనండి.

ఇట్లు,
ఒక వాలంటీర్