పహాణీలో పేరు ఉంటే తాత బతికున్నట్టేనా?

సంపాదకులకు,

వంశవృక్షాలు తయారు చేసుకోవడం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. పిల్లలు తాతముత్తాతల పేర్లు వెతుక్కోవడం మంచిదే, నేనేమీ వద్దనడం లేదు. కానీ పాత పహాణీ (ఏ భూమి ఎవరి పేర ఉందో ఏటేటా రాసిన రెవెన్యూ లెక్క) నకలు ఒకటి దొరికితే సగం పని అయిపోయినట్టేనని రాశారు చూడండి, దానితోనే నాకు పేచీ. నా ఉద్యోగమంతా రెవెన్యూ కాగితాల మధ్యే గడిచింది, రిటైరయ్యాక కూడా ఎవరో ఒకరు వాట్సాప్‌లో పాత కాగితం ఫొటో పంపి ‘సార్, ఇందులో మా ముత్తాత ఉన్నాడా’ అని అడుగుతూనే ఉంటారు. ఉంటాడు. ఉన్నంత మాత్రాన ఆ ఏడు ఆయన బతికున్నాడని మాత్రం అనుకోకండి.

పహాణీ రాసింది భూమి లెక్కకు, శిస్తుకు. పట్టాదారు పోయాక కొడుకులు విరాసత్, అంటే వారసుల పేర పట్టా మార్పు, చేయించుకోకపోతే పోయినాయన పేరే ఏళ్లకేళ్లు అట్లాగే నడుస్తుంది. పైగా పోయినేటిది ముందు పెట్టుకుని ఈ ఏటిది రాసేవాళ్లు, కాబట్టి 1954-55 ఖాస్రా పహాణీ నుంచి మొదలుపెట్టి పదేళ్లవి తెచ్చి పక్కపక్కన పెట్టినా ఆ పేరుకు సాక్ష్యం చాలాసార్లు ఒక్కటే. పుట్టిన తేదీ సంగతీ అంతే. బడిలో వేసేటప్పుడు సారు తనకు తోచిన తేదీ ఒకటి వేశాడు (మా తరంలో చాలామందికి జులై ఒకటినే పుట్టినరోజు), అదే సర్వీసు బుక్కులోకి, పెన్షన్ కాగితాల్లోకి, చివరికి ఆధార్‌లోకి ఎక్కింది. అన్నింట్లో ఒకే తేదీ ఉందని మురిసిపోతే ఎట్లా, అన్నీ ఒక్కచోటు నుంచి ఎక్కించుకున్నవే కదా.

సరిచూడాలంటే వేరే పని కోసం, వేరేవాళ్లు రాసిన కాగితం కావాలి. లగ్నపత్రిక, వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులోనో సింగరేణిలోనో చేసుంటే అక్కడి సర్వీసు కాగితం, క్రైస్తవ కుటుంబమైతే చర్చిలో బాప్తిస్మాల రిజిస్టరు. డోర్నకల్ డయాసిస్ (బిషప్ కింద ఉండే చర్చిల మండలం) 1912 నాటిది, హనుమకొండలో బాప్టిస్టు మిషన్ అంతకంటే పాతది. జనాభా లెక్కల్లో పేర్లు దొరుకుతాయని మాత్రం తిరగకండి, 1948 చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించరు.

ఇక సంవత్సరాలు. అసలు గందరగోళమంతా ఇక్కడే. నిజాం కాలపు భూమి లెక్కలు ఫస్లీలో, అంటే శిస్తు కోసం పెట్టిన సర్కారీ సంవత్సరంలో ఉంటాయి, ఇనాం కాగితాల మీద, ఫర్మానాల మీద హిజ్రీ, అంటే ముస్లింల చాంద్రమాన సంవత్సరం కూడా కనిపిస్తుంది. లిపి ఒకటే, అంకెలు ఒకటే. కాగితం మీద 1330 అని ఉందనుకోండి, అది ఫస్లీ అయితే 1920-21, హిజ్రీ అయితే 1911-12. తొమ్మిదేళ్ల తేడా! తండ్రి పుట్టకముందే కొడుకు పేర పట్టా అయినట్టు వంశవృక్షాల్లో కనిపించే వింతలు కొన్ని ఇట్లా పుట్టినవే. నెల పేరు చూస్తే తేలిపోతుంది: ఆజూర్, దై, బహమన్ లాంటివి ఉంటే ఫస్లీ, మొహర్రం, సఫర్, రంజాన్ ఉంటే హిజ్రీ. నిజాం ఫస్లీ అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి డిసెంబరు దాకా 590, ఆ తర్వాత 591 కలపాలి. జాతకచక్రం ఉన్నవాళ్లకు ఇంకో తిప్పలు, యువ నామ సంవత్సరం అంటే 1935 కావచ్చు, 1875 కూడా కావచ్చు. తిథి, వారం రెండూ రాసి ఉంటే ఆ రెండేళ్లలో ఏదో ఒకటి వీగిపోతుంది, అది పంచాంగం తెలిసినవాళ్లతో చూపించుకోండి.

పేర్లు కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. షికస్తా అనే గొలుసుకట్టు ఉర్దూ రాతలో ఐలయ్య, ఎల్లయ్య ఒకేలా కనిపిస్తారు, కొమురయ్యను కుమారయ్య అని చదివినా అడిగేవాళ్లు లేరు. ఇంటిపేరు చాలాచోట్ల రాయనే రాయరు, ఫలానా వల్ద్ (కొడుకు అని) ఫలానా అంతే. ఒకే ఊళ్లో మల్లయ్య కొడుకు రాజయ్యలు ముగ్గురుంటే మీ రాజయ్య ఎవరు? సర్వే నంబరు, హద్దుల్లో ఉన్న పక్క రైతుల పేర్లు చూస్తే గానీ చెప్పలేం. ఇల్లరికం, దత్తత జరిగితే ఇంకా చిక్కు. ఆడవాళ్లయితే పసుపు కుంకుమ కింద భూమి ఇచ్చిన దగ్గరో, భర్త పోయాక పట్టా మారిన దగ్గరో తప్ప దొరకరు. అందుకే ముందు మేనత్తలను, అమ్మమ్మలను అడగమంటాను, ఎవరూ వినరు.

పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందెచ్చులవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, గోండులకు ప్రధాన్లు చెప్పే వంశకథలను తీసిపారేయొద్దు. గోత్రం, ఇంటిపేరు, ఎక్కడి నుంచి వచ్చారన్న మాట వాళ్ల దగ్గర దొరికినంతగా ఏ ఆఫీసులోనూ దొరకదు. ఏళ్ల లెక్క మాత్రం వాళ్లను అడగకూడదు. తొమ్మిది పేర్లు రాసి పదో పేరు కాకతీయుల సేనానిది పెట్టిన వంశవృక్షం ఒకటి నాకూ వచ్చింది. ఓరుగల్లు పడింది 1323లో, తరానికి పాతికేళ్లు వేసుకున్నా ఇరవై ఎనిమిది తరాలు కావాలి, మధ్యలోవాళ్లంతా ఏమైనట్టు?

ఏ జిల్లా రికార్డుల్లో వెతకాలన్నదీ చూసుకోవాలి. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలోనిదే, 1905కు ముందు కరీంనగర్ బదులు ఎలగందుల జిల్లా అనే ఉంటుంది, చేర్యాల 2016లో వరంగల్ నుంచి సిద్దిపేటకు పోయింది, ఎల్కతుర్తి కరీంనగర్ నుంచి ఇటు మా వరంగల్ వైపు వచ్చింది.

మీకు నాదొక విన్నపం. ఫస్లీ, హిజ్రీ నెలల పట్టిక ఒకటి ఆదివారం సంచికలో అరపేజీ వేయండి, జనం కత్తిరించి దాచుకుంటారు. షికస్తా చదవగలిగిన పెద్దలు హనుమకొండలో, వరంగల్‌లో ఇంకా కొందరున్నారు, వారానికో పూట వాళ్లను జిల్లా గ్రంథాలయంలో కూర్చోబెట్టమని అధికారులకు మీ పత్రిక తరఫున ఒక మాట రాస్తే వాళ్లూ కాదనరు, చాలామంది చేసేందుకు పనిలేక ఇంట్లోనే ఉన్నారు.

– ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి, హనుమకొండ