వెనక డోరు లాక్ పెట్టించుకున్నవాళ్ళు ఒకసారి బండి తీసుకురండి

ఈ వేసవి నుంచి మన ఆటోనగర్ షాపులో పికప్ బండ్లకు వెనక డోరు (సరుకు ఎక్కించేటప్పుడు కిందికి దించేది) పవర్ లాక్ పెట్టించుకున్నవాళ్ళు పదకొండు మంది. అందరికీ లోపలి వైరు మార్చాలి. డబ్బులు తీసుకోను.

గుంటూరు మిర్చి యార్డుకు తిరిగే పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేశారు. రిమోట్ నొక్కితే నాలుగు డోర్లూ లాక్ పడుతున్నాయి, వెనకది ఒకరోజు పడుతోంది, ఒకరోజు పడట్లేదు అన్నారు. బండి చూడకుండానే "ప్రెషర్ వాష్ చేయించారా? లాక్ మోటారులోకి నీళ్ళు పోయుంటాయి" అనేశాను. మోటారు మార్చి 850 రూపాయలు కూడా తీసుకున్నాను. వారం తిరక్కుండా, బండిలో నాలుగు మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని వస్తూ కాజా టోల్‌గేట్ దాటాక టీకి ఆగారట. రిమోట్ నొక్కి, అనుమానమొచ్చి హ్యాండిల్ లాగితే డోరు చేతికొచ్చింది. మళ్ళీ నా దగ్గరికే వచ్చారు. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

రెండోసారి తీరిగ్గా కూర్చున్నాను. ఈ మోటారుకు రెండే వైర్లు. లాక్ నొక్కితే ఒకదానికి ప్లస్, ఇంకోదానికి మైనస్ వస్తుంది. అన్‌లాక్ నొక్కితే అటుదిటు అవుతుంది. ఆ కరెంటు వచ్చేది కూడా సెకను లోపే. అందుకని కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) విప్పి, బ్యాటరీ నుంచి నేరుగా ఆ వైర్లకు కరెంటు ఇచ్చి మోటారు దగ్గర మీటరు పెట్టాను. 12 వోల్టులు చూపిస్తోంది. మొదటిసారి మోటారు మార్చినప్పుడు నేను మోసపోయింది ఇక్కడే. వైరులో ఒక్క పోగు అతుక్కుని ఉన్నా మీటరు వోల్టులు చూపిస్తుంది కానీ, మోటారు లాగే కరెంటును ఆ ఒక్క పోగు మోయలేదు. మీటరు తీసి 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెడితే గుడ్డిదీపంలా వెలిగింది. డోరు కిందికి దించితే బల్బు బాగా వెలుగుతోంది, పైకెత్తితే ఆరిపోతోంది. ఇంకేముంది, కీలు పక్కన మడతపడే చోట వైరు లోపల తెగింది. పైన తొడుగు మాత్రం కొత్తదానిలా ఉంది.

తొడుగు కోసి బ్లేడుతో గీకాను. ఎర్రగా ఉండాల్సిన తీగ తెల్లగా బయటపడింది. అల్యూమినియం మీద రాగి పూత! రోజుకు పదిసార్లు తెరిచి మూసే డోరులో ఆ తీగ ఎన్నాళ్ళుంటుంది?

బిల్లు మీద "ప్యూర్ కాపర్" అని రాసిచ్చిన సప్లయర్‌కు ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ళ పరిచయం, పండక్కి స్వీటు డబ్బాలు పంపుకునేవాళ్ళం. "అందరూ అదే వాడుతున్నారు, కంప్లయింటు నీ ఒక్కడికే వచ్చింది" అన్నాడు. మిగిలిన వైరు చుట్ట వెనక్కి తీసుకోమంటే, కోసిన చుట్ట తీసుకోడట. కోయకుండా లోపల ఏముందో నాకెలా తెలుస్తుంది? ఆ చుట్ట నా కౌంటర్ మీదే ఉంది, పక్కనే బ్లేడు పెట్టాను. ఎవరికైనా అనుమానముంటే గీకి చూసుకోండి.

అయినా నా తప్పూ ఉంది. నాకు పని నేర్పినాయన కొత్త చుట్ట వస్తే ముందు బ్లేడు తీసేవాడు. నేనూ అదే అలవాటుతో బతికాను. ఈసారి మొహమాటానికి పోయి తియ్యలేదు.

"కంప్లయింటు వచ్చినవాళ్ళకే మారుద్దాం నాన్నా, అందరినీ పిలిస్తే పరువు పోతుంది" అన్నాడు మా అబ్బాయి. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. వాడి లెక్కా తప్పు కాదు, పదకొండు బండ్లంటే చిన్న ఖర్చేం కాదు. కానీ మీలో ఎవరి బండిలోనో సరుకు పోయాక మీరు ఫోన్ చేస్తే ఏం చెప్పను? మళ్ళీ ప్రెషర్ వాష్ అని చెప్పనా? అందుకే ఇది రాస్తున్నాను. మా అబ్బాయికి ఇంకా కోపంగానే ఉంది.

పొద్దున 11 లోపు వస్తే గంటన్నరలో అయిపోతుంది. సన్న పోగుల రాగి వైరు వేసి, మడత దగ్గర కాస్త వదులు ఉంచి, జాయింట్లకు టేపు కాకుండా స్లీవ్ వేస్తున్నాను. ఈలోపు బయట ఎవరైనా 10 ఆంపియర్ల ఫ్యూజు తీసి 20ది పెట్టి ఉంటే దాచకుండా చెప్పండి, తిట్టను. పెద్ద ఫ్యూజు పెడితే అది పోకముందే వైరు కాలొచ్చు. వైరు మార్చేదాకా టక్‌మన్న చప్పుడును నమ్మకండి, హ్యాండిల్ ఒకసారి లాగి చూసుకోండి.

మిర్చి యార్డు ఆయన 850 రూపాయలు కవర్లో పెట్టి గల్లాలో ఉంచాను. వద్దంటున్నారు. ఆయన బండి తాళాలు కూడా ఆ కవర్లోనే వేశాను. తీసుకుంటే రెండూ కలిపే తీసుకోవాలి.