"గ్యాస్ అంతే" అన్నావు కదా, అమ్మలూ

రాజమహేంద్రవరం

అమ్మలూ,

నిన్న ఫోనులో "ఏమీ లేదమ్మా, గ్యాస్ అంతే" అని మాట మార్చేశావు. ముప్ఫై ఏళ్ళు మందుల దుకాణం నడిపినదాన్ని, ఆ మాట నాకు కొత్త కాదు. ఆ ఒక్క మాట కింద ఒకరికి పులితేన్పులు ఉండేవి, ఒకరికి రొమ్ము మధ్య మంట, ఒకరికి ఆకలివేళ నొప్పి, మరొకరికి తిన్నాక నొప్పి. కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడ్డ మనిషిని నాలుగు ప్రశ్నలు అడిగితే అసలు సంగతి బయటపడేది. నిన్ను అలా నిలబెట్టి అడగలేను. అందుకే రాస్తున్నాను.

రాయాలని తోచడానికి కారణం నువ్వున్న ఊరే. నువ్వు ఎడిన్‌బరో వెళ్ళినప్పటి నుంచి ఆ ఊరి వైద్యుల గురించి చదువుతున్నాను. విలియం కల్లెన్ అని 18వ శతాబ్దంలో అక్కడి విశ్వవిద్యాలయంలో వైద్యం బోధించిన ఆచార్యుడు. 1790లో పోయారు. ఆయన చూసిన రోగులలో చాలామందిని ఆయన అసలు చూడనే లేదు! వాళ్ళు ఉత్తరం రాసేవాళ్ళు, ఆయన ఉత్తరంలోనే మందు, పథ్యం చెప్పేవారు. స్కాట్లండ్ పల్లెల నుంచి, ఇంగ్లండ్ నుంచి, సముద్రం అవతలి నుంచి కూడా వచ్చేవి. వచ్చినవి, ఆయన రాసినవి కలిపి ఐదు వేలకు పైగా ఉత్తరాలు మీ ఊళ్ళో క్వీన్ స్ట్రీట్‌లోని వైద్యుల రాయల్ కాలేజీలో భద్రంగా ఉన్నాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు వాటిని అంతర్జాలంలో అందరికీ అందేలా పెట్టారు. ఈ నెల రోజులుగా మధ్యాహ్నాలు నాకు వాటితోనే గడిచిపోతున్నాయి.

అందులో కడుపు బాధలు లెక్కలేనన్ని. ఉబ్బరం, వాంతి, మలబద్ధకం, తిన్నది అరగకపోవడం. వాళ్ళు రాసిన తీరు చూసి నేను ఆశ్చర్యపోయాను. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు నొప్పి మొదలైంది, విరేచనం ఏ రంగులో అయింది, మనసు దిగులుగా ఉందా లేదా, అన్నీ పూసగుచ్చినట్టు రాశారు. పెద్ద ఇళ్ళ ఆడవాళ్ళ గురించి కూడా దాపరికం లేదు. కొందరు తామే రాసుకున్నారు. కొందరి తరఫున ఇంటివాళ్ళో, ఊళ్ళో ఉన్న వైద్యుడో రాశారు. అప్పట్లో బ్రిటన్‌లో తపాలా ఖర్చు మామూలుగా ఉత్తరం అందుకున్నవారే కట్టాలి, అదీ కాగితాల లెక్కన, దూరం లెక్కన. అయినా బాధ చెప్పుకోవడంలో పొదుపు చేయలేదు.

రోగిని చూడకుండా వైద్యమేమిటి అని నీకు అనిపించవచ్చు, మొదట నాకూ అనిపించింది. కానీ ఆ కాలాన్ని తలుచుకో. స్టెతస్కోపు 1816లో గాని రాలేదు. రక్త పరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. రోగి ఎదురుగా కూర్చున్నా ఆ వైద్యుడు చేసేది ముఖ్యంగా వినడమే. నాడి పట్టుకునేవారు, నాలుక చూసేవారు, మిగిలినదంతా రోగి నోటి మాటే. మన ఆయుర్వేదం రోగిని దర్శనం, స్పర్శనం, ప్రశ్న అనే మూడింటితో పరీక్షించమంటుంది. ఉత్తరంలో మొదటి రెండూ పోతాయి, ప్రశ్న మిగులుతుంది. ఆ మిగిలిన ఒక్కదాన్నీ వాళ్ళు ఎంత దూరం లాక్కువెళ్ళారో చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

కల్లెన్ జవాబుల్లో మందుల కంటే పథ్యమే నాకు నచ్చింది. ఏ మాంసం తినాలి, ఏది మానాలి, కాళ్ళు వెచ్చగా ఉంచుకోవాలి, బయటి గాలిలో తిరగాలి, వీలైతే గుర్రం ఎక్కాలి. గుర్రపు స్వారీ కడుపుకు మంచిదని ఆయన నమ్మకం. 1769లో జబ్బులను వర్గాలుగా విడదీసినప్పుడు అజీర్తిని నరాల జబ్బుల కిందికి చేర్చారు. పరీక్షల ముందు నీకు అన్నం సయించదే, అది గుర్తొచ్చింది. మందులంటావా, రూబార్బ్ వేరు పొడి, చేదు కషాయాలు, వాంతి చేయించే మందులు, నల్లమందు కలిపిన ద్రావకం. వాటిలో కొన్ని ఉపశమనం ఇచ్చాయి. కొన్ని మనిషిని మరింత నీరసపరిచాయి, ఆ మాటా చెప్పాలి.

మెగ్నీషియా సంగతి మాత్రం నీకు చెప్పి తీరాలి. మన దుకాణంలో పై అరలో తెల్లటి సీసాలు ఉండేవి గుర్తుందా, చిన్నప్పుడు మూత తీసి సున్నం అనుకున్నావు? పులితేన్పులకు ఇచ్చే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా. కల్లెన్ శిష్యుడు జోసెఫ్ బ్లాక్ 1754లో ఎడిన్‌బరోలో వైద్య పట్టం కోసం సమర్పించిన వ్యాసం దాని దగ్గరి చుట్టం గురించే. ఆహారం వల్ల కడుపులో పుట్టే పులుపు, తెల్ల మెగ్నీషియా, ఇవీ ఆయన విషయాలు. ఆ పొడిని కాల్చి, తూకం వేసి, పోయిన బరువు ఎక్కడికి పోయిందని వెతుకుతూ ఇవాళ మనం కార్బన్ డయాక్సైడ్ అనే గాలిని గుర్తించారు. పులితేన్పుల మందు దగ్గర మొదలైన వెతుకులాట అది. నేను ఇన్నేళ్ళు ఆ సీసాలు అమ్మాను గాని దాని వెనుక ఇంత కథ ఉందని తెలియదు.

ఇంకో ముచ్చట. కల్లెన్ తన జవాబులకు నకళ్ళు ఉంచుకునేవారు. మొదట్లో గుమాస్తాలు చేత్తో ఎత్తి రాసేవారు. ఆవిరి యంత్రం జేమ్స్ వాట్ ఉన్నారు కదా, ఆయన 1780లో నకలు తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. ప్రత్యేకమైన సిరాతో రాసిన ఉత్తరం మీద తడిపిన పల్చటి కాగితం వేసి నొక్కుతారు. అక్షరాలు తిరగబడి అంటుకుంటాయి, కాగితం పల్చన కాబట్టి రెండో వైపు నుంచి తిన్నగా చదువుకోవచ్చు. మరుసటి ఏడు నుంచే కల్లెన్ దాన్ని వాడారు. ఆర్నెల్ల తర్వాత అదే రోగి మళ్ళీ రాస్తే, క్రితంసారి ఏం చెప్పారో తీసి చూసుకునేవారు.

అయితే ఉత్తరానికి అందనిది ఒకటుంది. అది చెప్పడానికే ఇంత రాశాను. కాల్టన్ కొండ మీద డేవిడ్ హ్యూమ్ అనే తత్త్వవేత్త సమాధి ఉంది, నువ్వు ఫోటో పంపావు. ఆయన 1776లో కడుపు జబ్బుతోనే పోయారు. ఎడిన్‌బరోలో బ్లాక్ ఒక మాట చెప్పారు. లండన్‌లో సర్ జాన్ ప్రింగిల్ అనే వైద్యుడు పెద్దపేగులో అడ్డంకి అన్నారు, ఇంగ్లండ్‌లోని బాత్ అనే ఊరికి వెళ్ళి అక్కడి ఊటనీళ్ళు తాగమన్నారు. బాత్‌లో వైద్యుడు పైత్యం అన్నారు. అప్పుడు జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు అనుకోకుండా ఆ ఊరు వచ్చి, పొట్ట మీద చెయ్యి వేసి చూశారు. కాలేయంలో వాపు వేళ్ళకు తగిలింది. ఎంతమంది ఎంత ఆలోచించినా తేలనిది ఆ వేళ్ళు చెప్పాయి. ఆ ఆగస్టులోనే హ్యూమ్ కన్నుమూశారు. అప్పటికి ఎవరూ చేయగలిగింది లేదు. ఇప్పుడు ఉంది.

మీ అమ్మమ్మ సంగతి నీకు సగమే తెలుసు. ఏడాదిపాటు "కొంచెం మంటే" అంది. నేను కూడా మందుల దుకాణంలో కూర్చుని, అడగకుండా, సిరప్ సీసాలు ఇచ్చాను. ఒకరోజు పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో అడిగితే అప్పుడు చెప్పింది, పది రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోందని. ఆడపిల్లలకు చెప్పే మాటా అది, సిగ్గు కాదూ, అంది. లోపల పుండు రక్తం కారుతోంది. మూడు సీసాల రక్తం ఎక్కించారు, బతికింది. ఆ నల్లరంగు సంగతి నేను ముందే అడిగి ఉంటే అన్న మాట నన్ను ఇప్పటికీ పట్టుకుని ఉంది.

అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. స్విట్జర్లండ్‌లోని లోజాన్ ఊళ్ళో తిస్సో అనే వైద్యుడు ఉండేవారు. ఆయనకు కూడా యూరప్ నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చేవి. 1761లో మామూలు జనం కోసం ఆయన అచ్చువేసిన పుస్తకంలో, వైద్యుడిని సంప్రదించేటప్పుడు రోగి తెలిసి ఉండాల్సిన ప్రశ్నలు ఇచ్చారు. వాటి తోవలోనే నా ప్రశ్నలు. ఎన్నాళ్ళయింది? ఎలా మొదలైంది? నొప్పి బొడ్డు పైనా, కుడివైపా? నిద్రలో లేపుతోందా? తింటే తగ్గుతోందా, పెరుగుతోందా? నోరు చేదుగా ఉందా? బరువు తగ్గావా? తలనొప్పికని వేసుకునే మాత్రలు ఇంకా వేసుకుంటున్నావా, ఏ పేరువి? విరేచనం ఏ రంగు? సిగ్గుపడకు, నేను నీ గుడ్డలు ఉతికిన దాన్ని.

తెలుగులోనే రాసుకో. నొప్పి మెలిపెడుతోందా, పొడుస్తోందా, మండుతోందా, పట్టేసినట్టు ఉందా, మాటలన్నీ మన దగ్గర ఉన్నాయి. ఆ తర్వాత ఇంగ్లీషులో చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళు. పొట్ట మీద చెయ్యి వేసి చూడమను. అవసరమైతే గొట్టం వేసి చూస్తామంటే భయపడకు.

వాము, శొంఠి పొడి పార్సిల్ కట్టాను గాని, డాక్టరు చూసేదాకా పంపను. అవి మంట తగ్గిస్తే నువ్వు వెళ్ళవు, నాకు తెలుసు.

సోమవారం ఫోన్ చేస్తాను. అపాయింట్‌మెంటు ఏ రోజో అప్పుడు చెప్పు.

ప్రేమతో,
అమ్మ