మిరపచేలో బాలింతలు

సంపాదకునికి,

మా ఖమ్మం వైపు మిరపకోతల కాలంలో మూడు నెలలైనా నిండని పసిబిడ్డలతో తల్లులు చేలకు వస్తున్నారు. గట్టున చెట్టుకు చీరతో ఉయ్యాల కడతారు. బిడ్డ ఏడిస్తే తల్లి వెంటనే ఎత్తుకోలేకపోతుంది. చేతులకు మిరప ఘాటు ఉంటుంది, సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా ఓ పట్టాన పోదు. ఆ చేయి తగిలితే పసివాడి ఒళ్లు మండుతుంది. పాలు ఇవ్వడానికి కూడా ఆమెకు టెన్షనే. పని ఆపితే కూలి తగ్గుతుంది, ఆపకపోతే బిడ్డ ఆకలి.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. కనీసం 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. చాలా మంచి మార్పు. కానీ పొలం కూలీకి అందులో చోటేది? కేంద్ర ప్రభుత్వ మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు ఇస్తారు. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే 6,000. మగబిడ్డను కన్న తల్లికి విశ్రాంతి అక్కర్లేదా?

తల్లి త్యాగమూర్తి అని పొగడటం ఇక చాలు. ఆరు నెలల పాటు తల్లిపాలే పట్టాలని ఆసుపత్రిలో చెబుతున్నారు కదా, ఆ ఆరు నెలల కూలి భృతిగా ఇవ్వాలి. కోతల కాలంలో అంగన్‌వాడీలు చేనుపని ముగిసేదాకా పసిపిల్లలను చూసుకునేలా, అందుకు అదనపు ఆయాలను నియమించాలి.

– ఓ పాఠకురాలు, ఖమ్మం జిల్లా